పాత జిప్సీకి సామాన్లు కొనే ముందు

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఒక గ్రామం. కాఫీ తోటకు వెళ్ళి రావడానికి నిరుడు 1998 నాటి మారుతీ జిప్సీ కొన్నాను. 1.3 లీటర్ల కార్బురేటర్ బండి. యాభై, అరవై వేగంలో గుంత తగిలితే స్టీరింగు చేతిలో నిలవనంతగా ఊగిపోతోంది. ఎడమవైపు ముందు చక్రం లోపలి వైపు నుంచి నల్లటి నూనె కారుతోంది. ఎగుడు దారిలో ఫోర్ వీల్ "లో" (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే) గేరు వేస్తే లివరు దానంతట అదే న్యూట్రల్‌లోకి జారిపోతోంది. ఇంజను వేడెక్కాక ఐడ్లింగులో ఆగిపోతోంది. తుక్కుకు వచ్చిన బండి నుంచి ముందు యాక్సిల్ మొత్తం తెచ్చి వేస్తానని ఒక మెకానిక్కు అంటున్నారు. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగు ఊపును అణిచే షాక్ అబ్సార్బర్ లాంటిది) ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే చాలని ఒక మిత్రుడు, డీజిల్ ఇంజను వేయించుకోమని మరొకరు చెబుతున్నారు. షోరూములో అడిగితే చాలా సామాన్లు లేవన్నారు. పంపుసెట్లు, మోటారు సైకిళ్ళు విప్పి బిగించిన అలవాటు నాకుంది. ఏ పనులు నేనే చేసుకోవచ్చు? సామాన్లు ఎక్కడ వెతకాలి?

సమాధానం: మీకు ఇప్పటికి వచ్చిన మూడు సలహాలలో దేనికీ ఇప్పుడే డబ్బు పెట్టకండి. యాక్సిల్, డ్యాంపర్, డీజిల్ ఇంజను చెడ్డ వస్తువులని కాదు, మీ బండిలో ఏది అరిగిందో ఎవరూ ఇంకా విప్పి చూడలేదు కాబట్టి. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి మీద అయ్యే ఖర్చులో పెద్ద వాటా అరిగిన సామాను కొనడానికి కాదు, అరిగిందనుకుని అంచనాతో కొన్న సామానుకే పోతుంది. కాబట్టి ఈ జవాబు మొత్తానికి ఒకే వరుస పాటిస్తాను: విప్పాలి, కడగాలి, కొలవాలి, దాని మీద ఉన్న నంబరు చదవాలి, అప్పుడు దుకాణానికి వెళ్ళాలి. పంపుసెట్టు విప్పిన చేతులకు ఇందులో కష్టమైనదేమీ లేదు, ఓపిక ఒక్కటే కావాలి.

ముందుగా మీ బండి ఏదో స్పష్టంగా తెలుసుకోండి, ఎందుకంటే కౌంటరు దగ్గర "జిప్సీ సామాను" అని అడిగితే నాలుగు రకాల బండ్ల సామాన్లు బయటికి వస్తాయి. 1985లో వచ్చిన మొదటి జిప్సీ సుజుకీ ఎస్‌జే 410 ఆధారంగా తయారైన 970 సీసీ ఇంజను, నాలుగు గేర్ల బండి. 1993లో చక్రాల మధ్య ఎడం పెంచి వెడల్పు జిప్సీని తెచ్చారు. 1996లో 1298 సీసీ జీ13బీఏ ఇంజను, ఐదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో దాని స్థానంలో పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంధనాన్ని ఇంజెక్టర్లతో చిమ్మే) ఇంజను వచ్చి, ప్రజలకు అమ్మకం ఆగిపోయిన 2019 దాకా అదే కొనసాగింది. మీది వీటిలో మూడోది, అంటే ఎంజీ 413 డబ్ల్యూ కార్బురేటర్ బండి. 1993కు ముందు బండి యాక్సిల్ గొట్టం, షాఫ్టులు మీ బండికి పొడవు చాలవు. 2000 తర్వాతి బండి సిలిండర్ హెడ్డు, ఇంధన సరఫరా సామాన్లు పనికిరావు. కానీ చాసిస్ కింద ఉన్న సామాన్లలో చాలా భాగం మీ బండికీ 2019 బండికీ ఒకే వంశానివి. షోరూములో లేదన్నంత మాత్రాన దొరకదని అర్థం కాకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

ఇక స్టీరింగు ఊగడం సంగతి. ఇది తేలేదాకా బండిని ఘాట్ రోడ్డులో వేగంగా నడపకండి, తప్పనిసరైతే నలభై దాటనీయకండి. ముందువైపు ఒకే కడ్డీ యాక్సిల్, కమాన్ పట్టీలు ఉన్న ఏ బండిలోనైనా ఈ ఊపు రావచ్చు. ఒక చక్రానికి తగిలిన దెబ్బ టై రాడ్ (రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ) ద్వారా రెండో చక్రానికి చేరి, అక్కడి నుంచి తిరిగి వస్తూ తనను తాను పెంచుకుంటూ పోతుంది. అలా పెరగడానికి ఎక్కడో ఒక చోట లూజు ఉండాలి. డ్యాంపర్ ఆ లూజును తీసివేయదు, ఊపును కొంతకాలం అణిచిపెట్టి ఉంచుతుంది. ఈలోగా లూజు పెరుగుతూనే ఉంటుంది, డ్యాంపర్ అలసిపోయిన రోజున మునుపటికంటే గట్టి ఊపు వస్తుంది. అందుకే డ్యాంపర్‌ను అన్నీ సరిచేశాక చివర పెట్టుకునే అదనపు భద్రతగా మాత్రమే చూడాలని నా గట్టి అభిప్రాయం.

వెతకడం ఖర్చు లేని చోటు నుంచి మొదలుపెట్టండి. రెండు ముందు టైర్లలో గాలి సమానంగా ఉందా, టైరు ఎక్కడైనా ఉబ్బిందా, బ్యాలెన్సింగు ఎప్పుడు చేయించారు అన్నవి చూడండి. వెనుక టైర్లను ముందుకు మార్చి ఒకసారి నడిపితే చాలు, టైర్ల తప్పో కాదో సగం తెలిసిపోతుంది. తర్వాత ఇంజను ఆపి, బండి నేల మీద ఉండగానే, ఒకరిని స్టీరింగు కొంచెం కొంచెంగా ఇటూ అటూ తిప్పమని, మీరు కింద పడుకుని ఒక్కొక్క కీలు మీద చెయ్యి వేసి ఉంచండి. టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్ (స్టీరింగు బాక్సు నుంచి చక్రాల వైపు వచ్చే కడ్డీ) కొసలు, స్టీరింగు బాక్సు చాసిస్‌కు బిగించిన బోల్టులు, కమాన్ షాకిళ్ళ (కమాన్‌ను చాసిస్‌కు తగిలించే లింకుల) బుష్‌లు, అన్నిటినీ ఇలాగే చూడాలి. కంటికి కనిపించని లూజు అరచేతికి తెలుస్తుంది. ఆ తర్వాత చక్రాన్ని జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని లోపలికి బయటికి ఊపండి. ఊగితే అది వీల్ బేరింగు కావచ్చు, కింగ్ పిన్ (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగు కావచ్చు. తేడా తెలియాలంటే మరొకరిని బ్రేకు నొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. బ్రేకు పట్టాక ఊపు పోతే వీల్ బేరింగు లూజు, అప్పటికీ ఊగుతుంటే కింగ్ పిన్ లూజు. ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. జాకీని నమ్మి, ఇటుకల మీద బండి నిలబెట్టి కిందికి దూరడం మన ఊళ్ళలో మామూలైపోయింది. బరువుకు ఇటుక చెప్పకుండా పగిలిపోతుంది. మీరు కొనే మొదటి వస్తువు మంచి యాక్సిల్ స్టాండ్ల జత కావాలి.

మీరు రాసిన రెండు లక్షణాలు, అంటే గుంత తగిలితే ఊపు, ఎడమ చక్రం లోపలి నుంచి నల్లటి నూనె, కలిపి చూస్తే నా అనుమానం ముందు యాక్సిల్ కొసన ఉన్న నకిల్ మీదికే వెళ్తోంది. ఆ గుండ్రటి బంతిలాంటి భాగంలో మూడు వేర్వేరు సంగతులున్నాయి. లోపల చక్రాన్ని తిప్పే బర్‌ఫీల్డ్ కీలు గ్రీజులో ఉంటుంది. పైనా కిందా కింగ్ పిన్‌లు ట్యాపర్ రోలర్ బేరింగుల మీద తిరుగుతాయి. బంతి వెనుకవైపు దుమ్ము, నీళ్ళు లోనికి రాకుండా తుడిచే పెద్ద సీలు ఒకటుంటుంది. ఇవి కాక యాక్సిల్ గొట్టం చివర, షాఫ్టు చుట్టూ, చిన్న ఆయిల్ సీలు ఒకటుంది. డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండే పళ్ళ పెట్టె) నూనెను నకిల్‌లోని గ్రీజుతో కలవకుండా ఆపేది ఇదే. ఇది చచ్చిపోతే గేరు నూనె నకిల్‌లోకి పారి, గ్రీజును పలచన చేసి, ఆ నల్లటి ద్రవం తుడిచే సీలు దగ్గర నుంచి కారుతుంది. చాలామంది బయట కారుతున్న చోటు చూసి పెద్ద సీలు మార్చి ఊరుకుంటారు, నెల తిరక్కుండా మళ్ళీ కారుతుంది. మీరు చేయవలసింది కారిన దాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడడం. చిక్కగా, వాసన పెద్దగా లేకుండా ఉంటే అది గ్రీజు. పలచగా, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే డిఫరెన్షియల్ నూనె, అంటే లోపలి చిన్న సీలు పోయింది. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయి. మీ దారిలో వాగులు దాటవలసి వస్తుంటే దీనికీ అవకాశం ఎక్కువే. వేడిగా ఉన్న యాక్సిల్ చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, పైన ఉన్న చిన్న బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) బురదతో మూసుకుపోయి ఉంటే, సీళ్ళ సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. బ్రీదర్ విప్పి పెట్రోలుతో కడిగి, వీలైతే దానికి రబ్బరు గొట్టం తగిలించి బానెట్టు ఎత్తుకు తీసుకుపోవడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే మేలైన పని.

ఈ నకిల్ విప్పడం మీరే చేసుకోవచ్చు. ఒక పగలు పూర్తిగా దీనికే కేటాయించి, రెండో చక్రాన్ని విప్పకుండా నమూనాగా ఉంచుకుని మొదలుపెట్టండి. చక్రం తీశాక బ్రేకు కాలిపర్‌ను హోస్ మీద వేలాడనీయకుండా తీగతో కమాన్‌కు కట్టండి. హబ్బు లాక్ నట్టుకు తగిన సాకెట్ లేకుండా ఉలి పెట్టి సుత్తితో కొట్టవద్దు. ఇంతకు ముందెవరో అలా కొట్టి ఉంటే నట్టు అంచులు చితికి ఉంటాయి, అది కూడా కొత్తది వేయాలి. హబ్బు, స్పిండిల్ తీసి షాఫ్టును నిదానంగా బయటికి లాగండి. కింగ్ పిన్ మూతలు విప్పేటప్పుడు వాటి కింద పలుచటి షిమ్‌లు (సందు సర్దే రేకు బిళ్ళలు) కనిపిస్తాయి. పైవి పైన, కిందివి కింద అని విడివిడి సంచుల్లో పెట్టి పేర్లు రాయండి, ఎందుకంటే బేరింగు ఎంత బిగువుగా కూర్చోవాలో నిర్ణయించేవి ఆ షిమ్‌లే.

ఇప్పుడు బేరింగు బయటి రేసును (రోలర్లు దొర్లే ఉక్కు రింగును) కిరోసినుతో కడిగి, వెలుగులో పట్టి, గోరుతో చుట్టూ గీయండి. నునుపుగా ఉండవలసిన ఆ ఉక్కు మీద, రోలర్లు ఎంత దూరంలో ఉంటాయో సరిగ్గా అంతంత దూరంలో, సన్నని గాళ్ళు గోటికి తగులుతాయి. బండి జీవితంలో ఎక్కువ భాగం తిన్నగానే నడుస్తుంది కనుక రోలర్లు ఒకే చోట నిలబడి, గుంతల దెబ్బలన్నీ అక్కడే తిని, రేసును నొక్కేస్తాయి. ఆ గాళ్ళు కనిపించాయంటే మీ ఊపుకు కారణం చాలావరకు దొరికినట్టే. షిమ్‌లు తీసి బిగించి సర్దుకుందామంటే కుదరదు. అప్పుడు తిన్నగా ఉన్నప్పుడు లూజు, మలుపులో బిగువు వస్తుంది. బేరింగులు రెండు వైపులా, పైనా కిందా, నాలుగూ మార్చాలి.

కొత్త బేరింగులు కూర్చోబెట్టాక బిగువు కొలవడానికి స్ప్రింగు త్రాసు చాలు. తుడిచే సీలు బిగించక ముందే, టై రాడ్ ఎండ్ దూరే రంధ్రానికి త్రాసు కొక్కెం తగిలించి నకిల్‌ను లాగి, అది కదలడం మొదలుపెట్టే క్షణంలో త్రాసు ఎంత చూపుతుందో చదవండి. సుజుకీ వర్క్‌షాపు మాన్యువల్ ఈ కుటుంబపు బండ్లకు చెప్పే కొలత 1.0 నుంచి 1.8 కిలోలు. తక్కువ వస్తే ఒక షిమ్ తీయాలి, ఎక్కువ వస్తే చేర్చాలి. ఈ కొలత తీసుకోకుండా చేతి అంచనాతో మూతలు బిగించేయడం వల్లనే కొత్త బేరింగులు వేసిన బండ్లు కూడా మళ్ళీ ఊగుతుంటాయి. మెకానిక్కు చేసినా సరే, ఈ కొలత మీ కళ్ళ ముందు తీయమని అడగండి.

ఇంతవరకు చదివితే యాక్సిల్ మొత్తం ఎందుకు వద్దన్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. తుక్కు బండి యాక్సిల్‌లోనూ అవే బేరింగులు, అవే సీళ్ళు, బహుశా మీ వాటికంటే ఎక్కువ అరిగినవి ఉంటాయి. పైగా అది మీ రకపు బండిది కాకపోతే మరో పెద్ద చిక్కుంది. ముందు, వెనుక డిఫరెన్షియల్ పళ్ళ నిష్పత్తి ఒకటే కాకపోతే ఫోర్ వీల్ వేసిన మరుక్షణం నుంచి రెండు యాక్సిళ్ళూ ఒకదానితో ఒకటి పెనుగులాడుతాయి. ఇది ఎవరైనా పాత యజమాని ఇప్పటికే చేసి ఉండవచ్చు కనుక మీ బండిలో కూడా పరీక్షించండి. ఫోర్ వీల్ లివరు టూ వీల్‌లో ఉంచి, ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాన్ని షాఫ్టు నుంచి విడదీయగలిగే హబ్బులు) ఉంటే వాటిని లాక్ చేసి, ఒక ముందు చక్రాన్ని లేపి, రెండోదాన్ని నేల మీద కదలకుండా ఉంచి, లేచిన చక్రాన్ని సరిగ్గా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఆ యాక్సిల్‌కు బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీసిన గీత ఎన్ని చుట్లు తిరిగిందో అదే ఆ యాక్సిల్ నిష్పత్తి. తర్వాత ముందు చక్రాలకు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, గేరు న్యూట్రల్‌లో ఉంచి వెనుక కూడా ఇలాగే చేయండి. రెండు సంఖ్యలూ సమానంగా రావాలి. ఎవరైనా యాక్సిల్ గానీ డిఫరెన్షియల్ గానీ అమ్మజూపితే కొనే ముందు అక్కడే ఈ లెక్క వేసుకోవచ్చు.

లో గేరు జారిపోవడం విషయంలో రెండు కారణాలను వేరు చేసి చూడాలి. జిప్సీలో గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనుక యాక్సిళ్ళకు పంచే పెట్టె) విడివిడిగా ఉండి, మధ్యలో పొట్టి షాఫ్టు కలుపుతుంది. ఆ ట్రాన్స్‌ఫర్ కేసు చాసిస్ నుంచి రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతుంది. రబ్బరు చిరిగితే, ఎగుడు మీద ఇంజను బలం పడగానే కేసు మొత్తం మెలిపడి, లివరు నేల పలక అంచుకు తగిలి జారిపోతుంది. ముందు కింద నుంచి చూసి, ఒక గడ్డపారతో మెల్లగా ఎత్తి, రబ్బరులో చీలిక తెరుచుకుంటుందేమో చూడండి. ఈ రబ్బర్లు మార్చడం ఇంట్లో చేసే పనే. అవి బాగుండి కూడా జారుతుంటే లోపల ఫోర్కు అరిగి గానీ, నిలిపి ఉంచే గుండు, స్ప్రింగు బలం తగ్గి గానీ, గేరు పళ్ళ అంచులు గుండ్రబడి గానీ ఉండాలి. గుండు, స్ప్రింగు వరకు మీరు చూడవచ్చు, ఆ తర్వాతిది తెలిసిన మెకానిక్కుకు వదలండి. లివరు జారడానికి బదులు బిగుసుకుపోయి రాకపోవడం వేరు సంగతి. ఈ బండిలో మధ్య డిఫరెన్షియల్ లేదు కనుక ఎండిన తారు మీద ఫోర్ వీల్‌లో నడిపితే షాఫ్టులు మెలితిరిగి లివరు పట్టేస్తుంది. కొంచెం వెనక్కి నడిపితే వదులుతుంది. అది రిపేరు కాదు.

నూనెల గురించి ఒక హెచ్చరిక. డిఫరెన్షియళ్ళలో జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 నూనె వేయాలి, గేరు బాక్సులోనూ ట్రాన్స్‌ఫర్ కేసులోనూ జీఎల్-4 రకం వేయాలి. దుకాణదారు "అన్నిటికీ ఒకటే" అని ఇస్తారు. జీఎల్-5లో కలిపే కొన్ని రసాయనాలు గేరు బాక్సులోని ఇత్తడి సింక్రో రింగులకు మంచివి కావు. ఏ పెట్టెలోనైనా నూనె దించే ముందు, నింపే పైమరను విప్పి చూసుకోండి. నూనె అంతా దించేశాక పైమర తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే కూర్చుండిపోతుంది.

ఇంజను సంగతి వీటితో పోలిస్తే చిన్నది. వేడెక్కాక ఆగిపోతున్నదంటే కార్బురేటర్‌ను నిందించే ముందు దాని కింద, మ్యానిఫోల్డుకూ (ఇంజనుకు గాలి, పెట్రోలు చేర్చే గొట్టానికి) దానికీ మధ్య గాలి లాక్కుంటోందేమో చూడండి. ఐడ్లింగులో ఉండగా ఆ అతుకు చుట్టూ కొద్దిగా నీళ్ళు చిమ్మండి, ఇగ్నిషన్ తీగల మీద మాత్రం పడనీయకండి. ఇంజను చప్పుడు మారిందా, అక్కడ లీకు ఉన్నట్టే. ఎండి పగిలిన వాక్యూమ్ గొట్టాలు కూడా ఇదే లక్షణం చూపుతాయి. ఇప్పుడు మన బంకుల్లో వస్తున్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు 1998 నాటి రబ్బరును దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు కనుక, ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న ఇంధన గొట్టాలన్నిటినీ ఇథనాల్ తట్టుకునే రకంతో ఒకేసారి మార్చేయండి. టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మిన వ్యక్తి చెప్పలేకపోతే, మార్చలేదనే అనుకుని అదీ వేయించండి. ఘాట్ మధ్యలో అది తెగితే చేయగలిగింది ఏమీ ఉండదు.

సామాన్ల వేటలో మొదటి సంగతి నంబరు. సుజుకీ సామాను నంబరులో మొదటి ఐదు అంకెలు అది ఏ రకం సామానో చెబుతాయి, తర్వాతివి ఏ బండికో చెబుతాయి. మారుతీ అదే పద్ధతిలో మధ్యలో ఎం అనే అక్షరం చేర్చింది. అందుకని విదేశాల్లో అమ్మిన ఇదే వంశపు సుజుకీ ఎస్‌జే, సమురాయ్ బండ్ల పట్టికలో దొరికిన నంబరును పట్టుకుని మన కౌంటరులో ఎం చేర్చి వెతికించవచ్చు. షోరూము కౌంటరులో "జిప్సీకి నకిల్ సీలు ఉందా" అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. నంబరు కాగితం మీద రాసి ఇచ్చి, మీ డిపోలో గానీ వేరే డీలర్ల దగ్గర గానీ నిల్వ చూడమని మర్యాదగా అడిగితే జవాబు తరచుగా మారుతుంది. పోలీసు, సైన్యం, అటవీ శాఖల వాడుకలో జిప్సీలు వేలల్లో ఉన్నందున చాసిస్ సామాన్ల సరఫరా ఒక్కసారిగా ఆగిపోలేదు.

రెండో సంగతి, బేరింగులకూ సీళ్ళకూ మారుతీ పేరే అక్కర్లేదు. బేరింగు అంచు మీద చెక్కిన అంకెలే దాని చిరునామా. 6205 అని ఉంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయట 52, మందం 15, ప్రపంచంలో ఏ మంచి కంపెనీ చేసినా అంతే. అంకెల తర్వాత వచ్చే అక్షరాలు కూడా దించుకోండి, సీలు ఉన్న రకమా, లోపలి సందు ఎక్కువ ఉన్న రకమా అన్నది అవే చెబుతాయి. ఆయిల్ సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం వరుసగా ఉంటాయి. అరిగి కనిపించకపోతే పాత సీలును కాక, షాఫ్టునూ సీలు కూర్చునే గుంటనూ వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి, ఎందుకంటే పాత సీలు పెదవి సాగిపోయి ఉంటుంది. షాఫ్టు మీద సీలు పెదవి తిరిగిన చోట గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో కూర్చోబెట్టి, గాడి లేని చోట పెదవి ఆనేలా చేయడం పాత మెకానిక్కులు చేసే మంచి పని.

మీకు దగ్గరలో గాజువాక ఆటోనగర్ ఉంది, ముందు అక్కడ చూడండి. అక్కడ కుదరనివి విజయవాడ ఆటోనగర్‌లో, బేరింగులు, సీళ్ళ వంటివి సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, పాత బండ్ల సామాన్లు చెన్నై పుదుపేటలో వెతకవచ్చు. బండ్ల సామాన్లకు పేరున్న పెద్ద టోకు బజారు ఢిల్లీ కశ్మీరీ గేట్. అక్కడి నుంచి పార్సిల్ తెప్పించుకోవచ్చు గానీ, పాత సామాను ఫొటో, పక్కన స్కేలు పెట్టి తీసినది, ముందే పంపి, వారి దగ్గరున్న దాని ఫొటో కూడా అలాగే తెప్పించుకున్నాకే డబ్బు పంపండి. ఢిల్లీ ప్రాంతంలో పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద కోర్టుల ఆంక్షలు వచ్చినప్పటి నుంచి అక్కడి పాత జిప్సీలు విడిభాగాలుగా చాలా బయటికి వచ్చాయి. తుక్కులో కొనదగినవి డోర్లు, అద్దాలు, బానెట్టు, కమాన్ పట్టీల వంటి కంటితో చూసి తేల్చుకోగలవి. బ్రేకు సామాను, రబ్బరు, టై రాడ్ ఎండ్లు తుక్కులో ఎంత బాగున్నట్టు కనిపించినా కొనకండి. నకిలీ డబ్బాలు ఎక్కువగా తిరిగేవి కూడా ఈ సామాన్లలోనే, కాబట్టి వీటిని మాత్రం ధర ఎక్కువైనా బిల్లుతో, కంపెనీ అధీకృత కౌంటరులోనే తీసుకోండి. విదేశీ వెబ్‌సైట్లలో సమురాయ్ కోసం అమ్మే నకిల్ రీబిల్డ్ కిట్లు బాగుంటాయి గానీ, రవాణా, కస్టమ్స్ సుంకం కలిపాక ఇక్కడ విడివిడిగా కొన్నదానికంటే చాలా ఎక్కువ అవుతుంది. ఇప్పటి జిమ్నీ పేరు చూసి దాని యాక్సిల్ సామాను సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది కాయిల్ స్ప్రింగుల మీద నడిచే వేరే తరం బండి.

మీరు ముట్టుకోవద్దని చెప్పే పనులు మూడున్నాయి. క్రౌన్, పినియన్ (డిఫరెన్షియల్ లోపలి పళ్ళ చక్రాల జత) సర్దుబాటు ఒకటి. చాసిస్ మీద వెల్డింగు రెండోది. ముఖ్యంగా కమాన్ షాకిళ్ళు తగిలించే చోట తుప్పు తిని ఉంటే, పైన పలక అతికించి కప్పకుండా, కుళ్ళినంత మేరా కోసి మళ్ళీ కట్టగలిగినవారి దగ్గరికి తీసుకువెళ్ళాలి. మూడోది బ్రేకు మాస్టర్ సిలిండరు. బ్రేకు గొట్టాలు మార్చి గాలి తీయడం నేర్చుకోవచ్చు, కానీ మొదటిసారి తెలిసినవారు పక్కన ఉండగా చేసి, ఊరి బయట ఖాళీ దారిలో నిదానంగా పరీక్షించండి.

డీజిల్ ఇంజను వద్దని నేను చెప్పేది యంత్రం గురించి మాత్రమే కాదు. డీజిల్ ఇంజను బరువు ఎక్కువ, దాని అదురు ఎక్కువ, ఆ రెండూ ఇప్పటికే అలసిన మీ ముందు యాక్సిల్ మీద, ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బర్ల మీద పడతాయి. అంతకంటే ముఖ్యం, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంధనం, ఇంజను నంబరు రెండూ ఆ వివరాల్లోనే ఉన్నాయి. అనుమతి లేకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట అడిగేది ఇదే. మీ ఆర్సీని ఇప్పుడే తీసి చూడండి. సొంత వాడకపు బండికి పదిహేనేళ్ళు నిండాక ప్రతి ఐదేళ్ళకూ ఫిట్‌నెస్ పరీక్షతో రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అంటే 1998 బండికి 2013, 2018, 2023లలో పొడిగింపు జరిగి ఉండాలి, తర్వాతిది 2028లో. మధ్యలో ఏదైనా తప్పిపోయి ఉంటే, లేక బండి వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఎన్‌ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) దగ్గరే ఆగిపోయి ఉంటే, సామాన్ల మీద పెద్ద మొత్తం పెట్టే ముందు ఆ పని రవాణా కార్యాలయంలో తేల్చుకోవాలి. చాసిస్ నంబరు తుప్పు కింద కనబడకుండా ఉంటే వైరు బ్రష్షు, కిరోసిను వాడి మెల్లగా శుభ్రం చేయండి. గ్రైండరు మాత్రం ఆ దరిదాపులకు పోనీయకండి.

ఈ నెలలో ఎడమ నకిల్ ఒక్కటి విప్పండి. బేరింగు రేసు మీద గాళ్ళు ఉన్నాయా, కారుతున్నది గ్రీజా గేరు నూనా, రెండు యాక్సిళ్ళ నిష్పత్తి ఎంత వచ్చింది, ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బర్లు ఎలా ఉన్నాయి అన్న నాలుగు సంగతులూ, వీలైతే బేరింగు అంచు మీది అంకెల ఫొటోతో సహా, మళ్ళీ రాయండి. లో గేరు లోపలి సంగతి ఆ వివరాలు చూశాక చెబుతాను.